బీగం పడని ఇల్లు

తలుపుకు తాళం వేయడం నేను పదిహేనేళ్ళు నిండాక నేర్చుకున్నాను. నవ్వకండి. మా ఇంటికి తాళం ఉండేది కాదు. కొనలేక కాదు, అది తాళం వేయకూడని ఇల్లు. తాళాన్ని మావైపు బీగం అంటారు.

మాది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. వరసగా శెనక్కాయ పంట పోయిన కాలంలో, నాకు ఐదేళ్ళప్పుడు, మా నాయన మమ్మల్ని ఈ ఊరికి తీసుకొచ్చాడు. ఊరి పేరు చెప్పను. చెబితే ఇంకా కోర్టులో ఉన్న రెండు వైపుల లాయర్లూ లేచి కూర్చుంటారు. అనంతపురం జిల్లాలో ఒక మున్సిపాలిటీ ఊరు, అంతవరకు చాలు. నాయన ఇక్కడ ఒక సావుకారి శెనక్కాయల గోడౌన్లో హమాలీగా చేరాడు. ఆ సావుకారికి ఒక అన్న. ఇద్దరికీ కలిపి వాళ్ళ తండ్రి వదిలిపోయిన పాత మట్టి మిద్దె ఒకటి. అది నాదంటే నాదని అన్నదమ్ములిద్దరూ కోర్టుకెక్కారు. మేము వాళ్ళను పెద్ద సావుకారి, చిన్న సావుకారి అనేవాళ్ళం. మా నాయన పనిచేసింది చిన్న సావుకారి దగ్గర.

ఒకరోజు చిన్న సావుకారి నాయనను పిలిచి ఆ మిద్దె చూపించాడట.

"బాడుగ వద్దప్పా. నీ పెండ్లాం పిల్లల్ని తెచ్చి ఈడ పెట్టు. ఒకటే మాట. ఇల్లు ఒక్క గడియ కూడా ఖాళీగా ఉండకూడదు. ఎవరో ఒకరు లోపల ఉండల్ల. అందరూ బయటికి పోయినారంటే మా యన్న మనిషొచ్చి బీగం ఏస్తాడు. బీగం పడిందంటే నా ఇల్లూ పోతాది, మీ నీడా పోతాది."

బోద గడ్డి కప్పిన కొట్టంలో బతికిన మా నాయనకు గోడలున్న మిద్దె, అదీ బాడుగ లేకుండా. ఎగిరి గంతేసినంత పని చేశాడు. కొట్లాటలో ఉన్న ఇళ్ళలో ఇట్లా పేదవాళ్ళను కాపు పెట్టడం ఊళ్ళలో మామూలేనని నాకు తర్వాత తెలిసింది. ఇల్లు ఎవరి చేతిలో ఉందో చూపించడానికి కాగితాల కన్నా పొయ్యి మీద కాగే కుండ గట్టి సాక్ష్యం. ఆ కుండ మాది.

అప్పట్నుంచి మా బతుకంతా వంతులు. అమ్మ కొళాయికి పోతే అక్క ఇంట్లో. అక్క ఇస్కూలుకు పోతే అమ్మ ఇంట్లో. అమ్మకు జ్వరమొచ్చి ఆస్పత్రికి పోతే నాకు బడి బంద్. జాతరకు ఇద్దరు పోతే ఇద్దరు ఇంట్లో. సినిమా కూడా అంతే, చూసొచ్చినవాళ్ళు కథ చెప్పాలి. మా అక్క నాకు చెప్పిన సినిమాలన్నిటిలో హీరోయిన్ చచ్చిపోయేది. నేను ఏడుస్తుంటే చూడ్డం దానికి సరదా అని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మా నలుగురం కలిసి దిగిన ఫోటో ఒక్కటి కూడా లేదు. స్టూడియో నాలుగు వీధుల అవతలే ఉండేది. అయినా నలుగురం ఒకేసారి గడప దాటింది లేదు.

తలుపు ఎవరు తట్టినా లోపలున్నవాళ్ళు గట్టిగా "లోపల ఉండాం!" అని అరవాలి. అది నాయన పెట్టిన నియమం. పాలామె తట్టినా, పక్కింటి పాప తట్టినా అదే కేక. వీధిలో పిల్లలు మమ్మల్ని "లోపలుండాం" వాళ్ళని పిలిచేవాళ్ళు. వాళ్ళను నేను రాళ్ళతో కొట్టేదాన్ని.

బీగం వేసే మనిషి నిజంగానే ఉన్నాడు. నన్ను భయపెట్టడానికి పెద్దవాళ్ళు అల్లిన బూచి కాదు. ఎదురుగా సైకిల్ షాపు ఉండేది. దాని ముందు బెంచీ మీద నెలలో నాలుగైదు రోజులు ఒక సన్నటి మనిషి వచ్చి కూర్చునేవాడు. తెల్ల చొక్కా, పక్కన వైరు బుట్ట. పేపరు చదువుకుంటూ సాయంత్రందాకా కూర్చుని వెళ్ళిపోయేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు, మా వైపు గుడ్లురిమి చూసేవాడూ కాదు. బుట్టలోంచి ఇత్తడి బీగం తీసి బెంచీ మీద పెట్టుకునేవాడు, అంతే. దాన్ని తలుపు సందులోంచి నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడేళ్ళు. అది నా అరచెయ్యి కన్నా పెద్దది. ఆ రోజు అన్నం దిగలేదు నాకు.

"భయపడొద్దు మ్మే," అనేవాడు నాయన. "ఒకేళ బీగం పడినా నేను ఊరుకుంటానా? పక్కింటి మెట్లెక్కి మిద్దె మీదికి పోయి, గవాచిలోంచి లోపలికి దిగుతా. లోపల మనిషి ఉండాడంటే బయట బీగానికి ఇలువ లేదు."

గవాచి అంటే మట్టి మిద్దె పైకప్పులో వెలుతురు కోసం, పొగ పోవడం కోసం వదిలే కంత. వాన వస్తే దాని మీద బండ మూస్తారు. నాయన ఆ మాట అన్నప్పుడల్లా నేను తలెత్తి ఆ చదరపు వెలుగును చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని.

అక్క పెళ్ళి బత్తలపల్లెలో, మగపెళ్ళివారింట్లో జరిగింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పెళ్ళికూతురు పోవాలి, అమ్మానాయన పోవాలి, మిగిలింది నేను. చుట్టాల్లో ఎవరినైనా కూర్చోబెడదామని అమ్మ అంది. చుట్టాన్ని పెద్ద సావుకారి మాటలతో లొంగదీసుకుంటే ఏం గతి అని నాయన ఒప్పుకోలేదు. చిత్రాన్నం, నీళ్ళ బిందె, పాత వారపత్రిక నా ముందు పెట్టి, లోపల గడియ వేయించి వాళ్ళు బస్సెక్కారు. ఒక పూట కాదు, ఆ రోజంతా.

మధ్యాహ్నం బయటి గొళ్ళెం కదిలింది. ఎవరూ తట్టలేదు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు మాత్రమే. నేను "లోపల నేనుండా!" అని అరవబోయాను. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ కదిలింది. పళ్ళెం తీసుకుని గోడకేసి కొట్టాను, కొడుతూనే ఉన్నాను, పళ్ళెం సొట్టలు పోయింది. అప్పుడు అవతలనుంచి ఒక మగ గొంతు, మెల్లగా, "ఉండావా పాపా? సరే, సరే" అంది. అడుగులు వెళ్ళిపోయాయి. సాయంత్రం అమ్మానాయన తిరిగొచ్చారు. తలంబ్రాల కథ చెప్పడానికి అక్క రాలేదు, అత్తారింట్లోనే ఉండిపోయింది. నేను అమ్మ ఒడిలో తల పెట్టి పడుకున్నాను. నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

ఇంక మిద్దె సంగతి. మట్టి మిద్దె అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కింద లావుపాటి దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కొయ్యలు, పైన కంపా బోదా పరిచి దాని మీద మన్ను. అన్నిటికన్నా పైన చౌడు. చౌడు అంటే ఉప్పు తేరిన తెల్లటి మన్ను, నీళ్ళను కిందికి దిగనివ్వదు. మా పల్లెల్లో ఏటా వానల ముందు మిద్దె మీద కొత్త చౌడు వేస్తారు. అయితే వేసే ముందు పాత చౌడును పారతో గీకి కిందికి తోసేస్తారు. ఈ గీకడమే ముఖ్యం. మా అవ్వలకు, తాతలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన సంగతి అది.

కానీ మా ఇంటి మీద కోర్టు ఆర్డరు ఉంది. ఎట్లున్నది అట్లే ఉండల్ల, ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పాత చౌడు గీకితే ఆ మన్ను వీధిలో కుప్ప పడుతుంది. ఎదురు బెంచీ మీది మనిషికి కనబడుతుంది. మిద్దె పడగొడుతున్నారని పెద్ద సావుకారి కోర్టుకు పోతాడు. అట్లాగని చౌడు వేయకపోతే ఇల్లు కురుస్తుంది. అమ్మానాయన ఒక ఉపాయం కనిపెట్టారు. ఊరి బయటి నుంచి చౌడును గోతాల్లో నింపి, సైకిలు మీద బియ్యం మూటలాగా తెచ్చేవాళ్ళు. ఎండకు వీధంతా తలుపులు మూసుకుని పడుకున్న వేళ నాయన పైకెక్కి చప్పుడు చేయకుండా పరిచేవాడు. గీకడం లేదు, పరచడమే. నేను చేటతో అందించేదాన్ని.

"పాతది తియ్యకుండా ఏస్తాండావు, బరువైతాది కదా," అని అమ్మ ఒక్కసారి అంది.

"ఏం బరువు? వానలే లేవు. ఎండిన మన్ను బరువెంత?" అన్నాడు నాయన.

నిజమే. ఎండిన మన్ను బరువు లేదు. కరువు మమ్మల్ని కాపాడింది. ఏడాదికొక పొర చొప్పున పదేళ్ళ చౌడు మా తలల మీద పేరుకుంది. మేము దాని కింద తిన్నాం, చదువుకున్నాం, పోట్లాడుకున్నాం.

మున్సిపాలిటీ వాళ్ళు రాకపోలేదు. పాపం, ఏటా వచ్చారు. వానాకాలం ముందు ఒక అన్న జిగురు డబ్బా పట్టుకుని వచ్చి తలుపు పక్కన గోడకు నోటీసు అంటించేవాడు. ఇంట్లో చదవగలిగింది నేనూ అక్కా. అక్క అత్తారింటికి పోయాక నేనే చదివేదాన్ని. "ఈ కట్టడము శిథిలావస్థలో ఉన్నందున నివాసయోగ్యము కాదు. వెంటనే ఖాళీ చేయవలెను. లేనిచో కలుగు నష్టమునకు పురపాలక సంఘము బాధ్యత వహించదు." పోయిన ఏటి నోటీసు మీదే ఈ ఏటి నోటీసు. చివరికి అది అట్టలా మందం కట్టింది. ఇల్లు పడగొట్టే అధికారం వాళ్ళకుంది, కానీ కోర్టులో ఉన్నదాని జోలికి ఎవరు పోతారు? మరమ్మతు చేసే హక్కు మాకు లేదు. అన్నదమ్ములకు ఇల్లు కావాలి, ఇంటి గోడలతో పని లేదు. అందరూ జాగ్రత్తగా ఉన్నారు. ఎవరి కాగితం వాళ్ళ దగ్గర సరిగ్గా ఉంది.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు ముసురు పట్టింది. మామూలుగా మావైపు మబ్బు వచ్చి మొహం చూపించి వెళ్ళిపోతుంది. ఈసారి వదల్లేదు. రెండు రోజులు రాత్రీ పగలూ సన్నగా, ఆగకుండా. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. చెరువులోకి నీళ్ళొస్తున్నాయని జనం గొడుగులేసుకుని చూడ్డానికి పోయారు. మా టీచర్లు బడి వదిలేసి వరండాలో నిలబడి వాన చూశారు. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట. వాన పడితే భయపడే ఇల్లు ఈ జిల్లాలో ఎన్ని ఉంటాయో గాని, మా వీధిలో మాది ఒక్కటే.

మూడో రోజు నాయన ఊళ్ళో లేడు. రైలు వ్యాగన్లకు మూటలెత్తాలని సావుకారి మనుషులు హమాలీలను ముందురోజే గుంతకల్లుకు తీసుకుపోయారు. అమ్మా నేనూ. పొద్దున దంతెల సందుల్లోంచి పొడి మన్ను రాలడం మొదలైంది. అది నాకు అలవాటే. పదకొండు గంటలకు రాలేది పొడి మన్ను కాదు, తడి ముద్దలు. అమ్మ గిన్నెలన్నీ పరిచింది. ఆ తర్వాత దూలం మాట్లాడింది. ఇంకో మాట దొరకడం లేదు నాకు. నడింట్లో ఉన్న పెద్ద దూలం కిర్రున ఒకసారి మూలిగి ఊరుకుంది. మేమిద్దరం అట్లే నిలబడిపోయాం. ఇంకోసారి మూలుగుతుందేమోనని వింటున్నాం. వానలో ఇంకేమీ వినబడడం లేదు.

మధ్యాహ్నానికి మున్సిపాలిటీ అన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి చేతిలో జిగురు డబ్బా లేదు.

"యమ్మా, బయటికి రాండి! పైవీధిలో రెండు మిద్దెలు పడినాయి. అందరినీ ఇస్కూలుకు పంపిస్తాండాం."

అమ్మ నన్ను మెడ పట్టి వీధిలోకి నెట్టింది. తను మాత్రం రాలేదు. గడప లోపల కూర్చుంది, ద్వారబంధం పట్టుకుని.

"నువ్వూ రా మా!" అని ఏడ్చాను.

"మీ నాయన రానీ. ఆయనొచ్చినాక వస్తా. ఇల్లు ఇడిసి యాడికి వచ్చేది?" అంటూ అమ్మ ఎదురుగా చూసింది. నేనూ అటు చూశాను. సైకిల్ షాపు మూసి ఉంది. దాని రేకు కింద, తడిసిన తెల్ల చొక్కాతో, వైరు బుట్ట పట్టుకుని బీగం మనిషి నిలబడి ఉన్నాడు.

అంతా తెలిసే వచ్చాడు అనుకున్నాను. ఈ రోజు కోసమే పదేళ్ళు కూర్చున్నాడు అనుకున్నాను. అతను మోకాలి లోతు నీళ్ళలో వీధి దాటి మా వైపు రావడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

అతను నన్ను చూడలేదు. బుట్టలోంచి బీగం తీసి అమ్మ ముందు పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ బీగం నువ్వే ఏసుకో. బీగంచెవి నీకాడే పెట్టుకో. బీగం ఏసింది నువ్వయితే ఇల్లు నీ చేతిలో ఉన్నట్టే కదా? ఈ మున్సిపాలిటీ అన్న సాక్షి. లేయమ్మా, దండం పెడతా."

అమ్మ బీగం వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. "ఇంగో చెవి యాడుంది?" అంది.

దూలం మళ్ళీ మూలిగింది. అతను చొక్కా జేబులోంచి రెండో బీగంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "నాకూ పిల్లలుండారమ్మా," అన్నాడు. ఆ గొంతు నేను పోల్చుకున్నాను. అక్క పెళ్ళినాడు తలుపు అవతలనుంచి "సరే, సరే" అన్న గొంతు.

అమ్మ లేచింది. పదేళ్ళలో మొదటిసారి మా ఇంటికి బయటినుంచి బీగం పడింది, అమ్మ చేత్తోనే. తడి చేతిలోంచి చెవి రెండుసార్లు జారి కింద పడింది. నన్ను తిప్పమంది. తాళం వేయడం నేను నేర్చుకున్నది అప్పుడే. అమ్మ రెండు చెవులూ కొంగున ముడేసుకుంది. మేము ఇస్కూలుకు పోయాం. వీధి వీధంతా అక్కడే ఉంది. పొంగలి వండి పెట్టారు. భయం కొంచెం కొంచెంగా దిగిపోయి, నేను రెండోసారి పెట్టించుకుని కూడా తిన్నాను. ఆ రెండో పళ్ళెం గురించి నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నాయన ఐదు గంటల ప్రాంతంలో వచ్చాడు. గుంతకల్లులో వాన గురించి విని, పని మధ్యలో వదిలేసి దొరికిన బండి పట్టుకుని వచ్చాడట. ఆ తర్వాత జరిగింది మాకు చెప్పింది బీగం మనిషే. మనుషులు లేని వీధిలో ఆ రేకు కింద అతనొక్కడే మిగిలాడు. ఎందుకు మిగిలావని అడిగితే, మీ ఆయన వస్తే చెప్పడానికే ఉన్నానమ్మా అన్నాడు.

నాయన వచ్చి తలుపు ముందు ఆగాడు. బీగం చూశాడు. దాన్ని చేత్తో పట్టుకుని లాగాడు. పదేళ్ళుగా ఎదురు బెంచీ మీద చూసిన ఇత్తడి బీగం అది. పోల్చుకోకుండా ఎట్లా ఉంటాడు?

"అన్నా, అది నీ పెండ్లామే ఏసింది! వాళ్ళు ఇస్కూల్లో ఉండారు!" అని బీగం మనిషి అరిచాడు.

నాయన వెనక్కి తిరిగి చూశాడు. అరుస్తున్నది ఎవరో చూశాడు. లోకంలో ఎవరి మాటైనా నమ్మేవాడేమో, ఆ ఒక్క మనిషి మాట తప్ప.

పక్కింటి మెట్లెక్కాడు. మిద్దెలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, దాటడం కష్టం కాదు. ఇతను వెంటపడి పరుగెత్తి సగం మెట్లెక్కాడు. నాయన అప్పటికే గవాచి మీది బండ జరపడానికి వంగి ఉన్నాడు. మూడు రోజులుగా నీళ్ళు తాగిన పదేళ్ళ చౌడు, దాని మీద ఒక మనిషి బరువు. పెద్ద చప్పుడు కూడా రాలేదట. నానిన గోతం నేలకు ఆనినట్టు ఉందట, అంతే.

అతను మా దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా బురద. చేతులతో మిద్దె కూలిన సైగ చేశాడు. అమ్మ "ఇల్లు పోయినా పోనీలేప్పా" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు.

నాయనను మట్టిలోంచి తీసేసరికి తెల్లారింది. తలుపు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, బీగంతో సహా.

పదేళ్ళు ఒక్క మట్టిపెడ్డ కదిలించని మున్సిపాలిటీ వాళ్ళు రెండు రోజుల్లో జేసీబీ తెచ్చి నేలమట్టం చేశారు. కోర్టులో బీగం మీద కూడా వాదనలు నడిచాయి. నా మనుషులు వేసిన బీగం కాబట్టి ఇల్లు నా స్వాధీనంలో ఉన్నట్టే అని తమ్ముడు. నేను కొన్న బీగం కాబట్టి నా స్వాధీనంలో ఉన్నట్టే అని అన్న. ఆ బీగం మనిషి ఉన్నదున్నట్టు సాక్ష్యం చెప్పాడు. దానికి పెద్ద సావుకారి అతన్ని పనిలోంచి తీసేశాడు. బీగం మనిషిని నేను క్షమించాలో, అతని కాళ్ళకు దండం పెట్టాలో నాకు తేలలేదు. అమ్మ మాత్రం తేల్చుకుంది. ఆయన కనబడితే అన్నా అని పిలుస్తుంది. ఆ జాగాలో ఇప్పుడు సర్కారు తుమ్మ కంప మొలిచి ఉంది. అన్న బోర్డు ఒకటి, తమ్ముడి బోర్డు ఒకటి, మధ్యలో ఇక్కడ చెత్త వేయరాదని మున్సిపాలిటీ బోర్డు ఒకటి. చెత్త వేస్తూనే ఉన్నారు.

నేను చదువుకుని పరీక్ష రాసి వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీనయ్యాను. నవ్వొస్తే నవ్వండి. వానల ముందు కూలే ఇళ్ళ లిస్టు రాసేది, నోటీసు అంటించేది ఇప్పుడు నేనే. బాధ్యత వహించదు అనే ముక్క అంటించేటప్పుడు జిగురు నా చేతికి అంటుకుని కడిగినా పోదు.

మొన్నటి వానలకు మా వార్డులో ఒక మిద్దెను ఖాళీ చేయించాం. అక్కాతమ్ముళ్ళ తగాదాలో ఉన్న ఇల్లు. అందులో కాపున్న ఆటో డ్రైవరు గుంతకల్లు ట్రిప్పుకు పోయాడు, ఫోను కలవడం లేదు. ఆయన భార్య మొదట గడప దాటలేదు. తర్వాత బీగం వేసి, ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఇస్కూలుకు పోయింది. నేను గొడుగు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను. నేను ఎప్పుడూ నిలబడతాను. ఇంటి ఆఖరి మనిషి వచ్చేదాకా ఎక్కడికీ పోను.

"మేడమ్, నోటీసు అంటించినాం కదా, పోదాం రాండి," అన్నాడు మా సిబ్బందిలో ఒకాయన.

"ఆయనకు చదువు రాకపోతే?" అన్నాను. ఆయన ఇస్కూలు వైపు వెళ్ళిపోయాడు.

రెండు గంటల తర్వాత ఆటో వచ్చింది. డ్రైవరు దిగాడు, బీగం చూశాడు. మా నాయన మొహం ఆ క్షణాన ఎట్లా ఉండిందో నేను పదహారేళ్ళు ఊహించుకున్నాను. ఆ రోజు కళ్ళారా చూశాను. మనిషి మొహంలో రక్తం అంత తొందరగా ఎటు పోతుందో తెలియదు.

"అన్నా, లోపల ఎవరూ లేరు! మీ ఇంటామే బీగం ఏసింది!" అని అరిచాను.

"నువ్వెవరు? ఎవరి మనిషివి నువ్వు?" అంటూ ఆయన మిద్దె మెట్ల వైపు తిరిగాడు.

గొడుగు ఎక్కడ పడిందో తెలియదు. నేను వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన విదిలించాడు, తిట్టాడు, నేను బురదలో మోకాళ్ళ మీద పడ్డాను, చొక్కా వదల్లేదు. మా సిబ్బంది ఇస్కూలునుంచి ఫోను చేశారు. ఇంకో చేత్తో ఆయన చెవి దగ్గర పెట్టాను. అవతల ఆయన భార్య ఏడుస్తూ, "మేమందరం ఈడ ఉండాం, నేనే ఏసినా" అంటోంది. వెనక పిల్లల గోల. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడిపోయాడు.

కాసేపటికి, "ఇడిసిపెట్టు మేడమ్, నేను మిద్దెక్కనులే," అన్నాడు.

అది నాకు వినబడింది. అర్థమైంది కూడా. అయినా నేను వదల్లేదు.